వీపులు లెక్కపెట్టినవాడి అనంతపురం యాత్ర

అనంతపురం వెళ్ళొచ్చి నెల దాటింది. ఎలా జరిగిందని అడిగినవాళ్ళందరికీ "ఉగ్గాని చాలా బాగుంది" అని చెప్పి తప్పించుకు తిరుగుతున్నాను. ఉగ్గాని బాగున్నమాట నిజమే. మిగతాది చెప్పుకుంటే పరువు పోతుందని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. పోయేదేదో అక్కడే పోయింది కదా అని ఇప్పుడు రాస్తున్నాను.

బెజవాడలో ఒక గ్రంథాలయంలో నేను పత్రికల సూచీ రాస్తాను. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. పుస్తకానికి సూచీ రాయడం తేలిక. అది ఒక్కసారి అచ్చయి ఊరుకుంటుంది. పత్రిక అలా ఊరుకోదు. నెలనెలా వస్తుంది, చెప్పకుండా ఆగుతుంది, పేరు మార్చుకుంటుంది, ఒక్కోసారి రెండు నెలలకీ కలిపి ఒకటే వచ్చి మన ప్రాణం తీస్తుంది. ఏ పత్రిక ఏ సంచికలు ఏ ఊళ్ళో ఉన్నాయో అందరికీ కనపడేలా రాసిపెట్టేది ఉమ్మడి సూచీ. అందులో చాలా భాగం నా చేతి మీదుగా వెళ్ళిందే. ఆ సంగతి పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా చెబుతుంటాను.

చిన్న గ్రంథాలయాల్లో ఈ పని నేర్పేవాళ్ళు లేరు. అందుకని ఆరు గ్రంథాలయాలు కలిసి, మనిషికో పని చొప్పున ఒకరికొకరు నేర్పుకునే శిక్షణ తయారు చేసుకుందామనుకున్నాయి. దానికి మూడు రోజులు అనంతపురంలో కూర్చోవాలి. "ఇందులో గురువు ఉండడు, అందరం విద్యార్థులమే" అని ప్రణాళికలో రాసింది నేనే. ఆ తర్వాత కాలపట్టిక వేసి, తొమ్మిది తరగతులకీ ఎదురుగా నా పేరే రాసుకున్నదీ నేనే.

గుంతకల్లు దాకా

రైల్లో నా ఎదురు సీటాయన గుంటూరు జిల్లా తాపీమేస్త్రీ. పేరు కోటయ్య. తొలకరి పడగానే పని మానుకుని వజ్రకరూరు పొలాల్లో వజ్రాలు వెతకడానికి వస్తాడట. ఏడేళ్ళుగా వస్తున్నాడు. ఏమైనా దొరికిందా అని అడిగాను. ఇంకా లేదన్నాడు, అదేదో వచ్చే ఆదివారం దొరుకుతుందన్నంత తేలిగ్గా. ఎలా వెతుకుతారని అడిగితే ఓపిగ్గా చెప్పాడు.

"వంగి నడవాలండీ. మెరిసినదాన్నల్లా చేత్తో తీసి చూడాలి. నిలబడి చూస్తే ఏదీ కనపడదు."

నేను జాలిగా నవ్వాను. ఇలాంటి నమ్మకాలతో బతికేవాళ్ళు ఇంకా ఉన్నారే అనుకున్నాను. గుంతకల్లులో ఆయన దిగిపోతూ నా బరువు సంచీ చూసి, అందులో ఏముందని అడిగాడు. శిక్షణ కాగితాలన్నాను. ఈసారి ఆయన జాలిగా నవ్వాడు.

ఉగ్గాని, వెక్కిళ్ళు

అనంతపురం నాకు కొత్త కాదు. పన్నెండేళ్ళ కిందట సూచీ పని మీదే ఒకసారి వచ్చాను. పొద్దున రైలు దిగి సాయంత్రం రైలెక్కాను. ఊరంటే అప్పుడు నాకు స్టేషనూ, కాలేజీ గ్రంథాలయమూ, రెండు టీలూ. ఈసారి ఆటో అతను "యాడికి పోవల్లన్నా?" అని అడిగితే "కాలేజీకి" అని దర్జాగా చెప్పాను. ఈడ కాలేజీలు తప్ప ఇంకేముండాయి, ఏ కాలేజో చెప్పమన్నాడు. పేరు కోసం సంచీలో కాగితం వెతుకుతుంటే, ముందు ఏమన్నా తినమని తనే ఒక బండి దగ్గర ఆపాడు.

బొరుగులు నీళ్ళలో నానేసి పిండి, తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీలు. రెండూ కలిపి నలభై రూపాయలు. మాకు బొరుగులంటే సాయంత్రం పిల్లలు కొరికేవి. ఇక్కడ అదే పొద్దుటి టిఫిను, బజ్జీ లేకుండా తింటే మనిషి వంక అదోలా చూస్తారు. కారం ఉంటుందన్నా జాగ్రత్త అని ఆటో అతను చెప్పాడు. మాది గుంటూరు పక్కనేనని చెప్పి మూడు బజ్జీలు తిన్నాను. ఆ వెక్కిళ్ళు నా ప్రారంభోపన్యాసం పూర్తయ్యేదాకా తగ్గలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చినాయన రామాంజనేయులు. పన్నెండేళ్ళ కిందట నేను చూసిన ఆ కాలేజీ గ్రంథాలయానికి ఇప్పటి అధికారి, మాకు ఆతిథ్యం ఇస్తున్నవాడు. ఉపన్యాసం ఎలా ఉందని అడిగితే, నీళ్ళు తాగినప్పుడు బాగుంది సార్ అన్నాడు.

కాగితం కింద రెండు అక్షరాలు

మొదటిరోజు నా ప్రొజెక్టరు గోడ మీద నీలం వెలుగు తప్ప ఏమీ చూపించలేదు. నల్లబల్ల తెప్పించారు. నేను సంపుటి అంటే ఏమిటి, సంచిక అంటే ఏమిటి అని, పదేళ్ళుగా అదే పని చేస్తున్నవాళ్ళకి విడమరిచి చెప్పాను. వాళ్ళు మర్యాదస్థులు, రాసుకున్నారు.

మధ్యాహ్నానికి ముందు వెనక బెంచీ నుంచి ఒకామె లేచింది. దూదేకుల హుసేనమ్మ. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. రాయదుర్గంలో చదువరుల సంఘం నడిపే చిన్న గ్రంథాలయానికి ఏకైక ఉద్యోగి. ఊడవడం దగ్గర్నుంచి సూచీ దాకా ఆమే.

"సార్, ఒక పత్రిక అంతా ఫలానా ఊర్లో ఉండాదని సూచీలో రాసినారు. నిజంగా ఉండాదో లేదో యట్ల తెలుసుకోవల్ల?"

"సూచీలో ఉంటే ఉన్నట్టేనమ్మా. దాన్నే అనుమానిస్తే ఇక సూచీ ఎందుకు?" అన్నాను. జవాబు బాగా కుదిరిందని నాకే అనిపించి, నల్లబల్ల మీద కూడా రాశాను.

ఆమె కూర్చోలేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. 'చేని కబురు' అనే మాసపత్రిక వివరం. మెట్టరైతుల కోసం ఇరవై ఏళ్ళు నడిచి ఆగిపోయిన పత్రిక. 'సంపుటాలు 1 నుంచి 20, పూర్తి, అనంతపురం' అని ఉంది. ఆ పత్రిక పాత కట్టలు రాయదుర్గంలోనూ ఉన్నాయట. సంఘం వాళ్ళు ఆ గదిని జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌కి అద్దెకిస్తున్నారు. అంతా అనంతపురంలో భద్రంగా ఉండగా మనకెందుకని, శనివారం పదకొండుకి కట్టలన్నీ పాత కాగితాలాయనకి తూకానికి వేసేస్తున్నారు. అనంతపురంలో అంతా లేదని చూపిస్తేనే అవి దక్కుతాయి. ఆరోజు గురువారం.

ఆ పత్రికలో ప్రతి సంచికకీ చివరి పేజీ వానల పేజీ అట. వాన పడ్డాక మట్టి ఎంత లోతు తడిసిందో దాన్ని ఇక్కడ పదును అంటారు. బెత్తెడు పదును, జానెడు పదును అని ఊరూరి నుంచీ రైతులు రాసిన ఉత్తరాలు అందులో అచ్చయ్యేవి. మాకు కాలవలో నీళ్ళొచ్చాయా లేదా అన్నదొక్కటే లెక్క, మట్టి ఎంత లోతు తడిసిందో ఎవరూ వేలు పెట్టి చూడరు. ఇరవై ఏళ్ళ పదును ఇంకెక్కడా రాసి లేదని ఆమె అంది.

నేను వింటూనే ఉన్నాను కానీ నా చూపు కాగితం అడుగున ఉంది. సూచీ రాసినవాడి పొడి అక్షరాలు రెండు అక్కడున్నాయి. అవి నావి.

చూద్దాంలెమ్మా అని కాగితం తిరిగిచ్చేశాను. చెప్పేయాల్సింది. చెప్పలేదు. భోజనాలకి లేద్దామన్నాను.

భోజనంలో రాగిసంగటి ముద్ద, ఊరిబిండి. వేయించిన చెనక్కాయలు (మా వైపు వేరుశనగలు), ఎండుమిరపకాయలు కలిపి నూరిన పచ్చడి అది. నేను సంగటిని అన్నంలాగా నములుతూ కూర్చుంటే అది అంగిటికి అంటుకుపోయింది. "నమలగూడదు సార్, మింగల్ల" అన్నాడు రామాంజనేయులు. ఆపూట నేను మింగుతున్నది సంగటి ఒక్కటే కాదు.

ఇరవై వీపులు

శుక్రవారం పొద్దున నా నాలుగో తరగతి మొదలవ్వాలి. నేను సుద్దముక్క అందుకుంటుండగా, పాఠం మధ్యాహ్నం విందాం, ముందు ఆ 'చేని కబురు' దించి చూద్దాం పట్టండి సార్ అన్నాడు రామాంజనేయులు. అందరూ లేచారు. కాలపట్టిక చూపించబోయాను కానీ గదిలో చూసేవాళ్ళు మిగల్లేదు.

ఇరవై పుస్తకాలు బల్ల మీదికొచ్చాయి. కుట్టు పక్కన ఎర్ర గుడ్డ వీపులు, వాటి మీద బంగారు రంగులో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు. అన్నీ ఒకే మందం. నాకు పన్నెండేళ్ళ కిందటి ఆ రోజు బాగానే గుర్తుంది. సాయంత్రం రైలు వచ్చేలోపల మూడొందల పత్రికలు రాసి పారేసిన ఘనుణ్ణి నేను. ఇరవై ఏళ్ళ పత్రిక, ఇరవై వీపులు. ఇంకేం కావాలనుకుని, దూరం నుంచే 'పూర్తి' అని రాసేశాను. దించనైనా లేదు. ఆ రోజు అంత వేగంగా రాసినందుకు నాకు శాలువా కూడా కప్పారు.

హుసేనమ్మ మూడోది తెరిచింది. ఏడాదికి పన్నెండు సంచికలుండాలి కదా, అందులో పది ఉన్నాయి. అవీ ఒక ఏడాది మధ్యలో మొదలై మరో ఏడాది మధ్యలో ఆగాయి. నడుమ రెండు నెలలు లేవు. నాలుగోదీ అంతే. ఆరుగురం పంచుకుని తెరుచుకుంటూ పోయాం. మధ్యాహ్నానికి లేని సంచికలు ముప్ఫై ఏడు తేలాయి.

మరి వీపుల మీద అంకెలేమిటని కర్నూలు నుంచి వచ్చినాయన అడిగాడు.

"ఇవి బైండు కట్టింది మా నాయన. ఇరవై ఏండ్ల పత్రిక, ఇరవై పుస్తకాలుగా కట్టమని ఇరవై అట్టలిచ్చినారంట. ఉన్న సంచికలన్నీ వరస పెట్టి, ఇరవై సమాన భాగాలు చేసి కట్టినాడు. అంకెలు పత్రికవి కావు, అట్టలవి." హుసేనమ్మ నావైపు చూసి, "ఎవురో సార్ తెరవకుండా రాసినాడు," అంది.

ఇరవై ఆరేళ్ళ పనిలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఆ రెండు అక్షరాలూ నావేనని చెప్పాను. గొంతు పెద్దగా రాలేదు కాబట్టి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"తెలుసు సార్," అంది హుసేనమ్మ. "మీరు పంపిన ప్రణాళిక కింద కూడా అవే అక్షరాలుండాయి. అందుకే బస్సెక్కి వచ్చినా."

మిగిలిన ఆరు తరగతులూ అక్కడితో రద్దయ్యాయి. ఎవరూ విచారించలేదు. ఆ మధ్యాహ్నమే అందరం కూర్చుని కొత్త పత్రం ఒకటి తయారుచేశాం. ప్రతి సంచికకీ ఒక వరస, చివర ఒక గడి: 'ఎవరు తెరిచి చూశారు'. శిక్షణ మొత్తం ఆ గడి చుట్టూనే అల్లుకుంది. వీపు మీది అంకెని ఎందుకు నమ్మకూడదో చెప్పే మొదటి పాఠానికి ఉదాహరణగా నా సూచీనే తీసుకున్నారు. ఎవరో నా పేరు తీసేద్దామన్నారు. వద్దన్నాను. అప్పటికి కొంచెం బుద్ధొచ్చింది.

రాయదుర్గం

మర్నాడు పొద్దున ఏడున్నరకి బస్సెక్కాం. కళ్యాణదుర్గం మీదుగా మూడు గంటలు. గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి, కింద దుక్కి దున్నిన ఎర్రచేలు ఖాళీగా ఉన్నాయి. నా పక్కసీటులో ఒక పెద్దమనిషి, ఒళ్ళో జీన్సు ప్యాంట్ల మూట. కుట్టు పని ఇంటికి తెచ్చుకుని, కుట్టి తిరిగి ఇచ్చొస్తాడట. చేను అయిదెకరాలుంది, అది కూడు పెట్టదు, ప్యాంటు పెడతాదన్నాడు. రాత్రి వానపడిందా అని అడిగాను. "బెత్తెడు పదునైంది" అన్నాడు. ఆ మాట నాకు అర్థమైనందుకు పొంగిపోయి, చెనక్కాయలు విత్తొచ్చా మరి అని అడిగాను. ఆయన నా వంక చూసి, విత్తడానికి జానెడు కావాలప్పా అని కిటికీ వైపు తిరిగాడు.

రామాంజనేయులు సంచీలో ఏడో పుస్తకం తెచ్చాడు. దాని వీపు ఒక పక్క ఊడింది, కట్టినాయన చేతే బాగుచేయిద్దామని.

మేం చేరేసరికి పదిన్నర. గది ముందు త్రాసు దిగి ఉంది. కట్టలు సగం బయటికి వచ్చేశాయి. సంఘం అధ్యక్షుడు కుట్టు యూనిట్లున్న మనిషి, మాట సూటిగా ఉంటుంది. హుసేనమ్మ చెప్పింది విని, సూచీ నమ్మే కదమ్మా ఖాళీ చేయమన్నాను, అది తప్పయితే ఆ రాసినాయన్నే చెప్పమను అన్నాడు.

"నేనేనండీ రాసింది," అన్నాను.

పై నుంచి కింది దాకా చూశాడు. "ఏమప్పా, ఒకటన్నా తెరిచి చూసినావా?"

"లేదండీ."

"రాసియ్యి. ఆ ఊర్లో లేనివి ఈడ ఉండాయని చూపించు. పన్నెండు దాకా ఉంటా."

తెల్లకాగితం మీద రాసిచ్చాను. 'ఈ వివరం చూడకుండా రాశాను, తప్పు.' ఇన్నేళ్ళలో నేను రాసిన అతి చిన్న వాక్యం అదే. తర్వాత ఆరుగురం గచ్చు మీద కూర్చుని కట్టలు విప్పాం. హుసేనమ్మ లేనివాటి జాబితా చదువుతుంటే మేం వెతికాం. దుమ్ముకి నాకు మళ్ళీ వెక్కిళ్ళు మొదలయ్యాయి. మోకాళ్ళు పట్టేశాయి. వంగి ఒక్కో సంచికనీ చేత్తో తీసి చూస్తుంటే రైల్లో కోటయ్య గుర్తొచ్చాడు, ఆయన్ని చూసి నవ్వినందుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

పన్నెండుకి ముప్ఫై ఏడింటిలో ముప్ఫై మూడు దొరికాయి. అధ్యక్షుడు ఒక వానల పేజీ తిరగేసి, తమ ఊరి పేరు కనపడేసరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూడు సంచికలు చదివాడు. పాత కాగితాలాయనకి దినపత్రికలు వేయించి పంపేశాడు. గది మాత్రం అద్దెకి పోవాల్సిందేనన్నాడు. కట్టలు ముందు హాల్లో గోడబీరువాలో పెట్టుకోమని హుసేనమ్మకి తాళం ఇచ్చాడు. ఆమె ఆ తాళాన్ని కొంగున ముడేసుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. దుమ్మని చెప్పాను.

మస్తాన్ గారి కత్తి

ఇక నాలుగు సంచికలు రెండు ఊళ్ళలోనూ లేవు. హుసేనమ్మ ఇల్లు రెండు వీధుల అవతల. జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. వాళ్ళ నాయన మస్తాన్ గారికి డెబ్బై దాటాయి, చూపు ఆనదు. మాలాగా శాలువాలు కప్పించుకునే అలవాటు ఆయనకి లేదు గానీ, తన పనంటే గర్వం ఉంది. ఏడో పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని అట్టలు తడిమి, ఇది నాదే అన్నాడు. అంకెలు అలా ఎందుకు వేశారని నేను నెమ్మదిగా అడిగాను.

"ఇరవై కట్టమన్నారు, ఇరవై కట్టినా. లోపల యా నెలలుండాయని నన్నెవురూ అడగలేదప్పా."

అడగాల్సినవాడు తన ముందే రొట్టె తింటున్నాడని ఆయనకి తెలియదు. చెప్పాను. ఆయన నాకు ఇంకో రొట్టె వేయమన్నాడు.

హుసేనమ్మ ఆ నాలుగు నెలలూ చదివి వినిపించింది. ఆయన అప్పటి పని గుర్తుచేసుకుని చెప్పాడు. చిరిగిన సంచికలు కొన్ని ఉండేవట. అట్టలు పలచనివి ఇచ్చారు, వీపు నిలబడాలంటే లోపల కాగితం పొరలు పొరలుగా అతికించాలి. దానికి ఆ చిరిగినవి వాడుకున్నాడు. అందరు బైండర్లూ చేసే పనే అది.

కూతుర్ని కత్తి తెమ్మన్నాడు. రామాంజనేయులు కంగారుగా, బాగుచేయడానికి తెచ్చాం గాని కోయడానికి కాదన్నాడు. కోసినాకే బాగుచేస్తా, నువ్వుండు అన్నాడాయన. చూపులేని ఆ మనిషి బొటనవేలితో కుట్టు వెతుక్కుని, ఎర్రగుడ్డని నిలువునా కోశాడు. వీపు తెరుచుకుంది. తడిగుడ్డ వేసి అరగంట ఉంచి, హుసేనమ్మ పొరలు ఒక్కొక్కటే విడదీసింది. నాలుగో పొర వానల పేజీ. సగమే ఉంది. తారీఖు ఉంది. మేం వెతుకుతున్న నాలుగు నెలల్లో ఒకటి.

"ఉరవకొండ పక్క, జానెడు పదును, విత్తనాలు వేస్తాండాం" అని ఆమె చదువుతుంటే మస్తాన్ గారు తలూపుతూ విన్నారు.

పన్నెండేళ్ళ కిందట నేను నిలబడి చూసింది సరిగ్గా ఈ వీపునే. బంగారు అంకె చూసుకుని వెళ్ళిపోయాను. దాని వెనకే ఉత్తరం ఉంది.

హుసేనమ్మ కొత్త పత్రం తీసి ఆ నెలకి ఎదురుగా 'సగం పేజీ, ఏడో పుస్తకం వీపులో' అని రాసింది. 'ఎవరు తెరిచి చూశారు' అన్న గడిలో వాళ్ళ నాయన పేరు రాసింది. తర్వాత స్కేలు పెట్టి పక్కనే ఇంకో గడి గీసింది. ఆరు గ్రంథాలయాల శిక్షణలోనూ ఇప్పుడు ఆ గడి ఉంది. దాని మీద 'ఎవరు తెరవకుండా రాశారు' అని రాసి, కలం నాకిచ్చింది.

ఈసారి పొడి అక్షరాలు వేయలేదు. నా పేరు ఇంటిపేరుతో సహా, మొత్తం రాశాను.